శవాలు చూడడానికి విమానమెక్కాలా?

2025 ఏప్రిల్ నెలలో మన సంఘానికి చెందిన ఒక అమ్మాయి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఓ.పి.కి వచ్చింది. ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎం.ఎస్‌సి. చదువుతోంది. ఆమె యూనివర్సిటీ వారు పద్నాలుగు మంది విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను తోడిచ్చి, జూన్ నెలలో తొమ్మిది రోజుల స్టడీ టూర్ మీద స్విట్జర్లాండుకు, ఫ్రాన్సుకు పంపుతున్నారట. వెంట తల్లి కూడా వచ్చింది. ఆవిడ మన ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా వార్డు ఆయాగా చేసి రిటైరైన మనిషి. మాతో చనువు ఎక్కువ. కూతురికి బి.పి. చూస్తుండగా మా వైపు తిరిగి, "చూడండి సిస్టరమ్మగారూ, శవాలు చూడడానికి విమానమెక్కాలా? జిల్లా ఆసుపత్రి మార్చురీలో లేవా?" అని అడిగింది.

అందరం నవ్వాము. ఆ అమ్మాయి కూడా నవ్వింది. కానీ తల్లి చేతులకు గాజులు లేవని మేము అప్పుడే గమనించాము. అవి బ్యాంకులో ఉన్నాయి. కాబట్టి ఆవిడ అడిగింది వేళాకోళం మాట కాదు. ఆరోజు మా దగ్గర సమాధానం లేదు. "వెళ్లి రానీయండి, వచ్చాక మాకు కూడా చెబుతుంది" అని పంపించాము. ఆ చెప్పిన సంగతులే ఈ సంచికలో రాస్తున్నాము.

పాఠకులలో ఈ చదువు గురించి తెలియనివారు ఉండవచ్చు. రక్తం, వెంట్రుక, విషం, వేలిముద్ర, చేతిరాత వంటి వాటిని పరీక్షించి, జరిగినదేమిటో కోర్టుకు తెలియజేసే శాస్త్రమే ఫోరెన్సిక్ సైన్స్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, అంటే బి.ఎన్.ఎస్.ఎస్., ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని చెబుతోంది. దీని ఏర్పాటుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. కనుక ఈ చదువు చదివిన పిల్లలకు పని ఉంటుంది.

ప్రయాణానికి ముందు

ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. పిల్లల్ని పై దేశాలకు పంపే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని, ఆమెకు చెప్పినవే ఇక్కడ రెండు ముక్కలు రాస్తాము. ఇన్‌హేలర్ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయకూడదు. పెట్టె ఒక్కోసారి మనతో పాటు దిగదు. మందుల చీటీ మీద కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా ఇంగ్లీషులో రాయించుకోవాలి, ఎందుకంటే మన కంపెనీ పేర్లు అక్కడి షాపుల్లో తెలియవు. ఆ దేశాలకు ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ కాగితం ఎక్కడుందో పిల్లకు తెలిసి ఉండాలి, ఫైలులో పెట్టి మర్చిపోతే లాభం లేదు.

ఇంకొకటి, మార్చురీకి వెళ్లే రోజు ఖాళీ కడుపుతో వెళ్లవద్దని గట్టిగా చెప్పాము. మేము నర్సింగ్ విద్యార్థినులుగా మొదటిసారి పోస్టుమార్టం చూడబోయిన రోజు, వాంతి అవుతుందన్న భయంతో ఎవరమూ టిఫిన్ తినలేదు. మాలో ముగ్గురం కళ్లు తిరిగి పడ్డాము. మమ్మల్ని పడేసింది శవం కాదు, ఆకలి.

మూడు ఊళ్లు

జూలైలో ఒక మధ్యాహ్నం, డ్యూటీలు మారే వేళ, ఆ అమ్మాయి మా నర్సుల క్లాసు గదికి వచ్చి గంటన్నర మాట్లాడింది. మేము ముప్పై మందిమి ఉన్నాము. తల్లి వెనక బెంచీ మీద కూర్చుంది.

మొదట జెనీవాలో దిగారట. అక్కడి రెడ్‌క్రాస్ మ్యూజియం గురించి ఎక్కువసేపు చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తప్పిపోయిన, ఖైదైన సైనికుల పేర్లు రాసిన కార్డులు అక్కడ ఉన్నాయి. దాదాపు 60 లక్షల కార్డులు, పెట్టెలలో వరుసగా. 1914 నుంచి 1923 వరకు రెడ్‌క్రాస్ వారు నడిపిన ఏజెన్సీలో వాటిని చేత్తో రాసి, అక్షర క్రమంలో పేర్చారు. మా అబ్బాయి ఎక్కడున్నాడని ఒక తల్లి ఉత్తరం రాస్తే ఆ కార్డు తీసి చూసి జవాబు రాసేవారు. "మిషన్లు చూపిస్తారనుకుని వెళ్తే మొదటిరోజు రిజిస్టర్లు చూపించారు పెద్దమ్మా" అంది. మేము రిజిస్టర్లు రాసే మనుషులము కాబట్టి ఆ మాట మాకు నచ్చింది.

జెనీవా నుంచి లొజాన్‌కు రైలులో ముప్పావుగంట లోపే. అక్కడి యూనివర్సిటీలో 1909లో రోడోల్ఫ్ ఆర్కిబాల్డ్ రైస్ అనే ఆయన ఈ శాస్త్రానికి స్కూలు పెట్టాడు. యూనివర్సిటీలో ఈ చదువు కోసం పెట్టిన స్కూళ్లలో ప్రపంచంలోనే అది మొదటిది. రైస్ రసాయన శాస్త్రం చదివినవాడు, ఫోటోలు తీయడంలో దిట్ట. వస్తువును కదిలించక ముందే ఫోటో తీయాలన్నది ఆయన పట్టుదల. అక్కడి పాఠంలో మన కలకత్తా పేరు కూడా వచ్చిందట. 1897లో కలకత్తాలో పెట్టిన వేలిముద్రల బ్యూరో ఈ పనిలో ప్రపంచానికే మొదటిది. వేలిముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతి కోసం అక్కడ కష్టపడినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు. పద్ధతికి పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ఇది వినగానే మాలో ఒక సిస్టర్ "ఎక్కడైనా అంతేలే" అని అనేసింది.

లేబొరేటరీల గురించి అమ్మాయి ఉన్నమాట చెప్పింది. అక్కడ చూసిన యంత్రాలలో చాలావరకు హైదరాబాదులో కూడా ఉన్నాయట. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది, డి.ఎన్.ఎ. పరీక్షలకు సి.డి.ఎఫ్.డి. ఉంది. శవాన్ని కోయక ముందు సి.టి. స్కాన్ చేసి, రక్తనాళాలలోకి మందు పంపి లోపల చూసే పద్ధతిలో లొజాన్ వారికి మంచి పేరు ఉంది. కోయకుండా చూడలేరా అని మనవాళ్లు మమ్మల్ని ఏడుస్తూ అడుగుతుంటారు కదా, ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 నుంచి స్కాన్‌తో పోస్టుమార్టం మొదలుపెట్టారు. మన జిల్లాల దాకా రావడానికి టైము పడుతుంది.

అయితే మమ్మల్ని కుర్చీలలో ముందుకు జరిపింది ఇంకొక సంగతి. లొజాన్‌లోని పెద్ద ఆసుపత్రిలో 2006 నుంచి ఒక విభాగం నడుస్తోంది. ఇంట్లోనో బయటో దెబ్బలు తిన్నవాళ్లు అక్కడికి వస్తారు. వాళ్లను చూసేది నర్సులు! ఫోరెన్సిక్ పనిలో శిక్షణ పొందిన నర్సు ఆ మనిషిని కూర్చోబెట్టి, జరిగింది మొత్తం విని, తల నుంచి పాదాల దాకా చూసి, ప్రతి గాయాన్ని కొలిచి, ఫోటో తీసి, రాసి పెడుతుంది. ఫోరెన్సిక్ డాక్టర్ల పర్యవేక్షణ ఉంటుంది. ఆ రిపోర్టు ఆ మనిషి కేసు పెట్టాలనుకుంటే పనికొస్తుంది. సహాయం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పి పంపుతారు. విద్యార్థులను ఆ గదిలోకి రానివ్వలేదట, వచ్చినవారి గుట్టు బయటపడకూడదు కదా. అక్కడి నర్సు ఒకావిడ బయట గదిలో వీళ్లతో గంటసేపు మాట్లాడిందట. "కొట్టారు" అని రాస్తే సరిపోదు, ఎడమ చెంప మీద, ఇన్ని సెంటీమీటర్లు, ఈ రంగు అని రాయాలి, కోర్టులో నాలుగేళ్ల తర్వాత చదివేవాడికి ఆ చెంప కనబడాలి అని చెప్పిందట.

మా క్యాజువాలిటీ రిజిస్టరులో "మల్టిపుల్ ఇంజూరీస్" అని రాసిన పేజీలు ఎన్ని ఉన్నాయో మాకు తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

చివరి మజిలీ ఫ్రాన్సులో లియాన్ నగరం. జెనీవా నుంచి రైలులో రెండు గంటల ప్రయాణం. సోన్ నది ఒడ్డున ఇరవై నాలుగు స్తంభాల పాత కోర్టు భవనం ఉంది. 1910లో దాని అటక మీది రెండు గదులలో ఎడ్మాండ్ లొకార్ పోలీసుల కోసం లేబొరేటరీ పెట్టాడు. లొకార్ డాక్టరు కూడా, లా కూడా చదివాడు. అంతకు ముందు ఆయన కూడా ఈ పిల్లల లాగే ఊళ్లు తిరిగాడు. పారిస్‌లో బెర్టియాన్ దగ్గర, లొజాన్‌లో రైస్ దగ్గర పని చూసి వచ్చాడు. వీళ్లు ఆ భవనం మెట్ల మీద నిలబడి ఫోటో దిగారు.

రెండు వస్తువులు తాకితే ఒకదాని జాడ మరొకదానికి అంటుతుందన్నది లొకార్ సిద్ధాంతం. 1912 నాటి ఒక కేసును ఇందుకు ఉదాహరణగా చెబుతారు. ఒక అమ్మాయిని గొంతు నులిమి చంపారు. అనుమానితుడు ఒక బ్యాంకు గుమాస్తా. ఆ వేళకు తాను స్నేహితులతో పేకాట ఆడుతున్నానన్నాడు, స్నేహితులూ అవునన్నారు. లొకార్ అతని గోళ్ల కింది మట్టిని గీకి మైక్రోస్కోపు కింద చూస్తే గులాబీ రంగు పౌడరు కనిపించింది. అది ఆ అమ్మాయి కోసం లియాన్‌లో ఒక మందుల షాపు వాడు ప్రత్యేకంగా కలిపి ఇచ్చిన ముఖం పౌడరు. అతను నేరం ఒప్పుకున్నాడు. గడియారం ముళ్లు ముందుకు తిప్పి స్నేహితులను నమ్మించాడట.

లొకార్ గురువు అలెగ్జాండర్ లకసాన్. ఆయన పేరు నిలబెట్టిన కేసు 1889లోది. లియాన్‌కు దక్షిణాన మిల్లేరీ అనే ఊరి దగ్గర గోతాంలో కుళ్లిన శవం దొరికింది. పారిస్‌లో గూఫే అనే కోర్టు అమీనా కనబడకుండా పోయి రెండు వారాలైంది. ఆయన బావమరిదిని పిలిపించి చూపించారు. శవానికి జుట్టు నల్లగా ఉంది, గూఫేది గోధుమ రంగు జుట్టు, కనుక ఈయన కాదని వెళ్లిపోయాడు. ఎవరో తెలియని శవంగా పూడ్చేశారు. పోలీసు అధికారి పట్టు వదలక నవంబరులో శవాన్ని తవ్వి తీయించి లకసాన్‌కు అప్పగించాడు. ఆయన జుట్టును కడిగి చూశాడు. పట్టిన మురికి, నెత్తురు పోయేసరికి గోధుమ రంగు బయటపడింది. తర్వాత ఎముకలు చూశాడు. కుడి కాలి ఎముకలు ఎడమ వాటికన్నా బలహీనంగా ఉన్నాయి, ఈ మనిషి కుంటుతూ నడిచి ఉండాలన్నాడు. విచారిస్తే గూఫేకు చిన్ననాటి జబ్బు వల్ల కుడి కాలు కుంటు ఉండేదని తేలింది. హంతకుడు చివరికి క్యూబాలో దొరికాడు. మొదట పోస్టుమార్టం చేసిన డాక్టరు పొరపాట్ల వల్ల కొంత ఆధారం అప్పటికే పాడైపోయింది. పోస్టుమార్టం ఒకసారి చెడగొడితే మళ్లీ చేయడం కుదరదని లకసాన్ శిష్యులకు చెబుతుండేవాడని ఆ అమ్మాయి చెప్పి, నీళ్లు తాగడానికి ఆగింది.

ఉతికిన చీర

గది నిశ్శబ్దమైంది. మాలో పాతవాళ్లకు ఒకేసారి ఒకే సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ మేము పత్రికలో రాయలేదు. ఇప్పుడు రాయవలసిందే అనిపించింది.

1998 వర్షాకాలంలో ఒక రాత్రి, పెళ్లయి మూడేళ్లయిన అమ్మాయిని తలకు దెబ్బతో తెచ్చారు. నూతి చప్టా మీద నాచుకు జారి పడిందని భర్త, అత్తగారు చెప్పారు. స్పృహ లేదు. డ్యూటీలో ఉన్నవాళ్లం చేయగలిగినదంతా చేశాము. తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రాణం పోయింది. అంత చక్కని పిల్ల ఆ నెత్తుటితో, బురదతో ఉండడం చూడలేకపోయాము. పుట్టింటివాళ్లు వచ్చేసరికి శుభ్రంగా కనిపించాలని ఒళ్లంతా తుడిచాము. గోళ్లలో మట్టి తీశాము. తల దువ్వి జడ వేశాము. ఆసుపత్రి తెల్ల చీర కట్టి, ఆమె చీరను ధోబీ మూటలో వేశాము.

తొమ్మిదింటికి తండ్రి వచ్చాడు. కూతురిని చూశాడు, ఏడ్చాడు. తర్వాత మా వైపు చూసి "నా బిడ్డ ఒంటి మీది చీర ఏదమ్మా?" అన్నాడు. పెళ్లయి ఏడేళ్ల లోపు చనిపోతే మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది కాబట్టి మండలాఫీసు నుంచి కూడా మనుషులు వచ్చారు. వాళ్లూ అదే అడిగారు. చీర అప్పటికే ఉతికి తీగ మీద ఆరుతోంది.

ఆ చీరకు నాచు అంటి ఉందా, లేదా? ఉంటే భర్త చెప్పింది నిజమని తేలేది. లేకపోతే ఇంకోలా తేలేది. గోళ్ల కింద ఏముందో చూసే వీలూ మేమే పోగొట్టాము. ఆ తండ్రి అనుమానంతోనే బతికాడు. ఆ భర్త తప్పు చేయని మనిషే అయితే, ఊరంతా వేలెత్తి చూపుతుంటే అతనూ అలాగే బతికాడు. ఇద్దరికీ మేము చేసిన ఉపకారం అది. మేము దయతో చేశాము. మమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేదు, మాకు ఎవరూ నేర్పలేదు కూడా.

"మరి ఆ లకసాన్ డాక్టరు జుట్టు కడిగితేనే కదా నిజం తెలిసింది?" అని ఒక కుర్ర సిస్టర్ అడిగింది. మంచి ప్రశ్న. ఆయన కొంత జుట్టు కడిగి చూశాడు, ఏమి కడుగుతున్నాడో, ఎందుకు కడుగుతున్నాడో రాసుకుని కడిగాడు అని అమ్మాయి జవాబిచ్చింది.

ఇంటివాళ్లు తెలుసుకోవలసినవి

ఆగస్టు నుంచి మన క్యాజువాలిటీలో కొన్ని పద్ధతులు మార్చాము. ప్రాణం కాపాడడమే మొదటి పని, అందులో మార్పు లేదు. గాయపడిన మనిషి బట్టలు కత్తిరించవలసి వస్తే, చిరిగిన చోటు, పోటు పడిన చోటు వదిలి పక్కగా కత్తిరిస్తున్నాము. బట్టలను నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కటి వేరే కాగితపు సంచిలో పెట్టి, పేరు, తేదీ, గంట, పెట్టినవారి సంతకం రాస్తున్నాము. ప్లాస్టిక్ సంచి వాడము. తడి గుడ్డ ప్లాస్టిక్‌లో బూజు పట్టి, రక్తంలోని డి.ఎన్.ఎ. పాడవుతుంది. మద్యం పరీక్షకు రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవము. విషం కేసులో పొట్ట కడిగిన మొదటి నీళ్లు పారబోయకుండా శుభ్రమైన సీసాలో ఉంచుతున్నాము. పోలీసులకు అప్పగించినప్పుడు రసీదు తీసుకుంటున్నాము.

ఇందులో ఇంటివాళ్ల సాయం లేకపోతే మేము చేయగలిగింది తక్కువ. మీ ఇంట ఎవరైనా పురుగుమందు తాగితే ఆ డబ్బాను కూడా మాతో తీసుకురండి. ఖాళీదైనా సరే, అది చూస్తే డాక్టరుగారికి వైద్యం తెలుస్తుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. పరువు పోతుందని డబ్బాను కాలువలో విసిరి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వచ్చాక మేము అడిగితే "తలనొప్పి మాత్రలు మింగాడు" అంటారు. ఆ అబద్ధం వల్ల పోయే ప్రాణం మీవాళ్లదే.

ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే స్నానం చేయించకుండా, అవే బట్టలతో తీసుకురండి. మారిస్తే మార్చిన బట్టలు కాగితంలో చుట్టి తెండి. ఇది తల్లి మనసుకు ఎంత కష్టమో మాకు తెలుసు. ఆలస్యమైనా, స్నానం అయిపోయినా సరే, రండి. అటువంటి కేసులలో మొదటి వైద్యం ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చేయాలని 2013 నుంచి చట్టంలో ఉంది, ఇప్పటి బి.ఎన్.ఎస్.ఎస్.లో అది 397వ సెక్షన్. ఫిర్యాదు పెట్టలేదని వైద్యం ఆపరు. పోలీసులకు తెలియజేయడం మాత్రం ఆసుపత్రి బాధ్యత.

పోస్టుమార్టం మాట వచ్చేసరికి మీలో చాలామంది మమ్మల్ని తప్పించమని బతిమాలుతారు. శవపంచనామా, పోస్టుమార్టం నిర్ణయం మా చేతిలో ఉండదు, చేసేది కూడా ప్రభుత్వ ఆసుపత్రిలోనే. కోసిన చోటు కుట్టి అప్పగిస్తారు, పెట్టెలో ఉంచి సమాధికి తీసుకెళ్లడానికి ఏ ఆటంకమూ ఉండదు. తగిన వెలుతురు, సదుపాయం ఉన్న ఆసుపత్రులలో చీకటి పడ్డాక కూడా చేయవచ్చని కేంద్రం 2021లో అనుమతి ఇచ్చింది. కాకపోతే హత్య, ఆత్మహత్య, అత్యాచారం వంటి అనుమానం ఉన్న కేసులు మామూలుగా పగటిపూటే చేస్తారు. ఆ రాత్రి ఎదురుచూడవలసి వస్తే మా సిస్టర్లలో ఒకరు మీ దగ్గర ఉంటారు, అడగండి.

అమ్మాయి మాట్లాడడం అయ్యాక టీ ఇచ్చాము. తల్లి వెనక బెంచీ నుంచి లేచి వచ్చింది. 1998లో ఆ రాత్రి డ్యూటీలో ఆవిడ కూడా ఉంది. వేడినీళ్లు కాచి తెచ్చింది ఆవిడే. "గాజులు ఎప్పుడు విడిపిస్తావమ్మా?" అని మేము అడిగితే, "ఉండనీయండి సిస్టరమ్మగారూ, తొందరేముంది" అంది.

కాగితపు సంచుల కోసం బజారుకు మనిషిని పంపితే, ఇన్ని ఎందుకు, ఆసుపత్రిలో మిఠాయి కొట్టు పెడుతున్నారా అని షాపతను అడిగాడట. బీరువాకు రెండు తాళాలు పెట్టించాము, ఒకటి క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి దగ్గర, ఒకటి మా ఆఫీసులో. మన ధోబీ ఇప్పుడు రోజూ ఉదయం మూట ఎత్తే ముందు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇవి ఉతికేవేనా, తాళం వేసేవా?" అని అడిగి, సరేనన్నాకే తీసుకెళ్తున్నాడు.